ప్రయోగశాల నుండి పేటెంటు న్యాయమునకు

కొన్నాళ్ళ క్రిందట మన పూర్వ విద్యార్థిని తండ్రిగారు నాయొద్దకు వచ్చి, "మాస్టారూ, అమ్మాయి బయోటెక్నాలజీలో ఎం.ఎస్సీ. చదివి మూడేండ్లు ప్రయోగశాలలో పనిచేసినది. ఇప్పుడది విడిచి పేటెంట్ల పనికి పోయెదననుచున్నది. ఇంత చదువూ ఏట కలిసినట్లేనా?" అని చింతతో నడిగిరి. అప్పుడు నాకు సమాధానము తోచలేదు. పిదప విచారించి తెలిసికొన్నది తలిదండ్రుల కొరకు వ్రాయుచున్నాను.

పేటెంటనగా తాను కనిపెట్టిన నూతన వస్తువును గాని పద్ధతిని గాని యితరులు తన యనుమతి లేక వాడకుండ నాపుటకు ప్రభుత్వమొసగు హక్కు. మన దేశమున దీని గడువు దరఖాస్తు దాఖలైన నాటినుండి 20 సంవత్సరములు. ఇతరుల పక్షమున నా దరఖాస్తులు వ్రాసి నడపువారు పేటెంటు ఏజెంట్లు. ఇందులకు న్యాయశాస్త్ర పట్టము అక్కరలేదు. విజ్ఞాన, ఇంజనీరింగు, సాంకేతిక శాస్త్రములలో నేదేని యొక పట్టము కావలెను. వకీలైనను అది లేనిదే ఏజెంటు కాజాలడు. 21 ఏండ్లు నిండి, రెండు వ్రాతపత్రములును మౌఖిక పరీక్షయును గల అర్హతపరీక్షలో నెగ్గవలెను. న్యాయస్థానమున వాదింపదలచినచో మాత్రము ఎల్.ఎల్.బి. చదివి వకీలుగా నమోదు కావలెను. పరీక్ష ఏటేట జరుగునని నమ్మి కూర్చుండరాదు. 2018 తరువాత మరల 2023లోనే జరిగినది.

శాస్త్రజ్ఞానము ఇచట నెట్లుపయోగపడును? కోళ్ళకు వచ్చు బర్సైటిస్ రోగమునకు టీకా తయారుచేయు పద్ధతికి, ఆ టీకాలో సజీవమైన వైరస్ కలదను కారణమున పేటెంటు కార్యాలయము హక్కు నిరాకరింపగా, అట్టి నిషేధము చట్టమున లేదని కలకత్తా హైకోర్టు 2002లో తీర్పు చెప్పెను. వైరస్‌ను పెంచుట యెరిగినవారు గాక అట్టి దరఖాస్తు మరెవరు వ్రాయగలరు?

పసుపు సంగతి మీరు వినియుందురు. గాయములను మాన్పుటకు పసుపు వాడుకపై 1995లో అమెరికాలో పేటెంటు ఇయ్యబడెను. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి ఆక్షేపింపగా 1997లో అది రద్దయ్యెను. పసుపు గుణము మన ముసలమ్మలకు తెలియనిది కాదు. కాని యచట చెల్లినది ముసలమ్మ మాట కాదు, పూర్వగ్రంథముల లిఖిత సాక్ష్యము. అట్టి సాక్ష్యమును వెదకి తీయుట ఈ వృత్తిలో సగము పని.

తక్కిన సగము వ్రాత. హక్కు కోరు వాక్యములో నొక మాట విస్తృతమైనచో దరఖాస్తు త్రోసివేయబడును. సంకుచితమైనచో ప్రత్యర్థి ప్రక్కదారిన తప్పుకొనును. ప్రయోగములపై మక్కువ వీడనివారికి దినమంతయు కాగితములతో గడపుట దుర్భరము కావచ్చును. ఆ తండ్రిగారికి ఇదియు దాచక చెప్పితిని.

అమ్మాయి మొదటిసారి రెండవ పత్రమున తప్పినది. పగలు చెన్నపట్టణమున నొక న్యాయవాద సంస్థలో పనిచేయుచు, మరల వ్రాయుటకు రాత్రులు చదువుచున్నది.