వాకిట్ల కావలి: ఆఫీసు మెయిల్ ముందు ఎరుక

 

ఈ పాఠం కంప్యూటర్ ముందు కూర్చొని పనిచేసే ఉపాసక, ఉపాసికల కోసం. మండలాఫీసుల ఆపరేటర్‌గానో, సొసైటీల క్లర్కుగానో, మిర్యాలగూడ రైస్ మిల్లుల లెక్కలు చూస్తూనో, జడ్చర్ల కంపెనీలోనో మీ ఇంటోళ్లు పనిచేస్తుంటే వాళ్లకూ చదివి వినిపించండి.

పంచశీలలో ఐదోది మత్తు ముట్టననే శీలం. బాబాసాహెబ్ 1956లో నాగపూర్‌లో ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లోనూ అది ఉంది. మనం పాళీలో చెప్పుకునే ఆ శీలంలో ‘పమాద’ అనే మాట వస్తది. నోటికి వచ్చింది కాబట్టి చాలామందిమి దాన్ని దాటేస్తం. పమాదం అంటే పరాకు, ఏమరుపాటు. మత్తు పరాకుకు చోటిస్తది కాబట్టే దాన్ని వద్దన్నరు. మరి సీసా లేకుండా పరాకు రాదా? కౌంటర్ కాడ పది మంది నిలబడి ఉంటరు, సెల్లు మోగుతుంటది, వాట్సాప్ టింగు టింగుమంటుంటది, ఆ నడుమనే ఒక మెయిల్ తెరుస్తం. తాగకుండానే తూలుతున్నట్టు లెక్క.

మనసును బుద్ధుడు ఒక కొమ్మ వదిలి ఇంకో కొమ్మ పట్టే కోతితో పోల్చిండు. రెండు పనులు ఒక్కసారే చేస్తున్నమని మనం అనుకుంటం. నిజానికి ఒకటి వదిలి ఇంకోటి పట్టుకుంటున్నం. మోసగానికి కావాల్సింది ఆ వదిలిన గడియే.

సంయుత్త నికాయంలోని కింసుక సుత్తంలో ఒక పోలిక ఉంది. సరిహద్దుల ఒక పట్నం, దానికి ఆరు వాకిళ్లు. పట్నం మన దేహం. వాకిళ్లు కన్ను, చెవి, ముక్కు, నాలుక, ఒళ్లు, మనసు. అక్కడ తెలివైన కావలివాడు ఉంటడు. ఎరిగినోళ్లను రానిస్తడు, ఎరుగనోళ్లను ఆపుతడు. ఆ కావలివాడే సతి. (మన తెలుగులో సతి అంటే భార్య. పాళీలో సతి అంటే స్మృతి, ఎరుక. కొత్తగా వచ్చినోళ్లు ఇక్కడ తికమక పడుతుంటరు.) కావలివాడు తలుపులు మూసి కూర్చోడు, చూడండి. రాకపోకలు లేకపోతే పట్నం బతకదు, మెయిల్ తెరవకుంటే కొలువు నడవదు. వచ్చినోని ముఖం చూసుడే ఆయన పని.

హైదరాబాద్‌లో మహేశ్ కో-ఆపరేటివ్ బ్యాంకులో జరిగింది గుర్తు చేసుకుందాం. 2021 నవంబర్‌లో ఉద్యోగులకు 200కు పైగా దొంగ మెయిళ్లు వచ్చినయి. తెరిచింది ఒకరిద్దరే. అది సరిపోయింది. దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ లోపలికి చేరింది. దొంగలు తొందరపడలే, రెండు నెలలు ఓపిక పట్టిండ్రు. 2022 జనవరిలో 12.48 కోట్ల రూపాయలు వేరే ఖాతాలకు మళ్లినయి.

తప్పంతా ఆ మెయిల్ తెరిచిన ఉద్యోగిదేనా? కాదు. బ్యాంకు రక్షణ ఏర్పాట్లే సరిగా లేవని పోలీసులు చెప్పిండ్రు. పటిచ్చ సముప్పాదం చెప్పేది అదే: అనేక కారణాలు కలిస్తేనే ఒక ఫలం. ఎవరి కర్మ వాళ్లదని బుద్ధుని బిడ్డలు అనరాదు.

ఇది మనకు ఎందుకు ముఖ్యమో చెప్త. మనలో చాలామంది ఇంట్ల మొదటిసారి ఆఫీసు కుర్చీల కూసున్నోళ్లు. వేరేవాళ్లు తప్పు చేస్తే ‘పరాకుల జరిగింది’ అంటరు. మనం చేస్తే ‘కోటాలోళ్లు గింతే’ అంటరు. ఆ మాటకు భయపడి తప్పును దాస్తం. దాచిన ప్రతి గంటా దొంగకు లాభమే.

ఇంకొకటి. ‘అర్జెంట్, పెద్ద సార్ అడుగుతుండు, పది నిమిషాల్ల పంపాలె’ అని మెయిల్ వస్తే చెయ్యి దానంతట అదే కదులుతది. నల్లగొండ, పాలమూరు పల్లెల్ల మన తాతలు ‘బాంచెన్ దొరా’ అన్న అలవాటు ఎక్కడో నరాల్ల మిగిలింది. మోసగాడు దానిమీదనే ఆడుతడు. పెద్దవాళ్లు చెప్పిండ్రని నమ్మొద్దు, పరీక్షించి చూసుకోమని కాలాములకు బుద్ధుడు చెప్పిండు. పై అధికారి పేరుతో వచ్చిన మెయిల్ నిజమా అని ఆయనకే ఫోన్ చేసి అడుగుడు అమర్యాద కాదు. కానీ ఆ మెయిల్‌లో ఉన్న నంబర్‌కు కాదు, మీ దగ్గర ముందునుంచి ఉన్న నంబర్‌కే చెయ్యండి.

ఇగ అభ్యాసం. మెయిల్‌లో లింకు నొక్కే ముందు, ఫైల్ తెరిచే ముందు, చెయ్యి మౌస్ మీదనుంచి తీసి మూడు శ్వాసలు గమనించండి. తర్వాత చూడండి: పైన కనిపించే పేరు కాదు, దాని వెనుక ఉన్న అసలు అడ్రసు ఏంది? అక్షరం మారిందా, ‘ఎల్’ ఉండాల్సిన చోట ఒకటి అంకె ఉందా? పాస్‌వర్డో ఓటీపీయో అడుగుతుందా? అడిగితే అక్కడికే ఆపండి. ఎదురుగా మనిషి నిలబడి ఉంటే ముందు ఆ మనిషి పని ముగించండి, మెయిల్ ఆగుతది.

ఒకవేళ నొక్కేస్తే? ఇంటర్నెట్ తీగ పీకండి, వైఫై ఆపండి. పై అధికారికి, కంప్యూటర్లు చూసేవాళ్లకు వెంటనే చెప్పండి. వేరే కంప్యూటర్ నుంచి పాస్‌వర్డ్ మార్చండి. డబ్బు పోయిందని తెలిస్తే ఆ నిమిషమే 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత తొందరగా చెప్తే ఆ సొమ్మును ఖాతాల్ల ఆపే వీలు అంత ఎక్కువ.

ఈ వారం ఒక చీటీ బల్లమీద పెట్టుకోండి. మెయిల్ చదువుతూ మనసు వేరేచోటికి పోయిందని గుర్తించిన ప్రతిసారీ ఒక గీత గీయండి. గీతలు ఎక్కువైతే సిగ్గుపడకండి, కావలివాడు మేలుకున్నడనే అర్థం. ఆదివారం వందనానికి వచ్చేటప్పుడు ఆ చీటీ జేబుల పెట్టుకొని రండి.