పాజిట్రాన్‌కి పరమాణువులో చోటుందా?

పాజిట్రాన్ అంటే ధనావేశం ఉన్న ఎలక్ట్రాన్ అనుకోండి. 1932లో కార్ల్ ఆండర్సన్ క్లౌడ్ చాంబర్‌లో దాని జాడ పట్టుకున్నాడు. అది నెమ్మదిగా ఒక పరమాణువు దగ్గరికి వెళ్తే ఏమవుతుంది? కేంద్రకం కూడా ధనావేశమే, నెట్టేస్తుంది. దూరం నుంచి చూస్తే పరమాణువు మొత్తం తటస్థం. ఇక అతుక్కునే మాటే లేదనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నా.

మనం మర్చిపోయేది ఏంటంటే, ఎలక్ట్రాన్ మేఘం గట్టి బంతి కాదు. పాజిట్రాన్ వస్తుంటే అది కాస్త అటువైపు సాగుతుంది. ఇదే ధ్రువణం. దీనివల్ల పుట్టే ఆకర్షణ శక్తి, దూరం రెట్టింపైతే 16వ వంతుకి పడిపోతుంది. ఇంకా దగ్గరికొస్తే అసలు తమాషా: ఒక ఎలక్ట్రాన్ కాసేపు పాజిట్రాన్‌తో జతకట్టినట్టు ప్రవర్తిస్తుంది. ఆ జంట పేరు పాజిట్రోనియం. దాని బంధన శక్తి 6.8 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే హైడ్రోజన్‌లో సగం.

ఈ 6.8 గుర్తుంచుకోండి, కథంతా దీని చుట్టూనే. హీలియం నుంచి ఎలక్ట్రాన్ లాగాలంటే 24.6 కావాలి. మేఘం బాగా బిగుతు, సాగదు, పాజిట్రాన్ నిలవదు. మెగ్నీషియంకి 7.6 చాలు, అక్కడ నిలుస్తుందని లెక్కలు చెప్తున్నాయి. లిథియం ఇంకా విచిత్రం. దానికి 5.4 మాత్రమే కాబట్టి ఎలక్ట్రాన్, పాజిట్రాన్‌తో కలిసి లేచిపోవడమే లాభం. అయినా పోదు! 1997లో రిజిఖ్, మిట్రాయ్ చేసిన లెక్కల ప్రకారం ఆ జంట లిథియం అయాన్‌ని పట్టుకునే ఉంటుంది. ఆ పట్టు మాత్రం సుమారు 0.07 ఎలక్ట్రాన్ వోల్టులే.

ఈ కాపురం ఎన్నాళ్లో సాగదులెండి. నానోసెకను స్థాయిలోనే ఎలక్ట్రాన్, పాజిట్రాన్ రెండూ మాయమై, సాధారణంగా 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలు రెండు మిగులుతాయి. కానీ ఎలక్ట్రాన్ గడియారంలో అది లక్షల చుట్లు తిరిగేంత సమయం.

మరి కొలిచేదెలా? శాన్ డియాగోలో క్లిఫర్డ్ సర్కో బృందం పెద్ద అణువులతో ఒక మంచి ఉపాయం వాడింది. వచ్చిన పాజిట్రాన్ తన అదనపు శక్తిని అణువు కంపనానికి ఇచ్చేసి అందులో చిక్కుకుంటుంది. అలా చిక్కే శక్తి దగ్గర గామా కిరణాలు ఒక్కసారిగా పెరుగుతాయి. కంపన శక్తిలోంచి ఆ శక్తిని తీసేస్తే వచ్చేదే బంధన శక్తి. చూడండి, ఎంత తేలికైన తీసివేత!

ఒంటరి పరమాణువుకి కంపించడానికి పక్కన ఇంకో పరమాణువు లేదు. అందుకే ఈ ఉపాయం లిథియం దగ్గర పనిచేయదు, ఆ 0.07 లెక్క నుంచి వచ్చిన అంకెగానే ఉంది.