తెలుగు బడి కథ

హైదరాబాదులో ఆర్.టి.సి. కూడలి నుండి నారాయణగూడకు పోయే దారిలో చిక్కడపల్లి ఉన్నది. ఉదయం కూరగాయల బేరాలతో, సాయంకాలం త్యాగరాయ గానసభలోని సంగీత సాహిత్య సభలతో ఆ ప్రాంతం సందడిగా ఉంటుంది. సమీపంలోని అశోక్ నగర్‌లో నగర కేంద్ర గ్రంథాలయం ఉంది. జిల్లాల నుండి వచ్చిన యువతీయువకులు ఉద్యోగ పరీక్షలకై అక్కడ దినమంతా చదువుకుంటారు. వారిలో పలువురి చేతుల్లో ఉండేవి తెలుగు పుస్తకాలే. నేడు సహజంగా తోచే ఈ దృశ్యం ఒకప్పుడు దుర్లభం.

నిజాం పాలనలో ఉన్నత విద్యకు, రాజకార్యాలకు ఉర్దూయే మాధ్యమం. 1921లో హైదరాబాదున మహర్షి కార్వే అధ్యక్షతన సంఘసంస్కరణ సభ జరిగింది. అందులో ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో ప్రసంగించబోగా సభికులు గేలి చేశారు. ఆ పరాభవం ఫలితంగా ఆంధ్ర జనసంఘం ఆవిర్భవించింది. దాని నిర్మాతలలో మాడపాటి హనుమంతరావు ముఖ్యులు.

భాషాభిమానం సభలకే పరిమితమైతే చాలదని మాడపాటివారు గ్రహించారు. వారి కృషితో 1928లో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల వెలసింది. ఉర్దూ మాధ్యమం కానందున దానికి ప్రభుత్వ గుర్తింపు లభించలేదు. అప్పుడు కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయమే దానిని ఆదరించింది. తెలుగుకు అవమానం జరిగిన సభకు అధ్యక్షత వహించినవారి సంస్థయే తెలుగు బడికి అండగా నిలవడం విశేషం.

నారాయణగూడలోని ఆ పాఠశాల మాడపాటివారి పేరుతోనే ప్రసిద్ధమైంది. గ్రంథాలయంలో తెలుగు పుస్తకం తెరిచే ప్రతి విద్యార్థీ ఆ బడికి ఋణపడి ఉన్నాడు.