మంట తగ్గిందని ఊరుకోవద్దు

నంద్యాల

చిరంజీవి మేనల్లుడికి,

నీ గుండెమంట సంగతి అక్క ఫోన్లో చెప్పింది. రాత్రి పడుకున్న కాసేపటికి గొంతులోకి చేదునీళ్లు ఎగదన్నుతున్నాయట. ఆళ్లగడ్డలో మెడికల్ షాపుకు పోయి గ్యాస్ గోళీలు తెచ్చుకుని ఏడాదిగా మింగుతున్నావట. గోళీ పడితే మంట తగ్గుతోంది కదా అని నువ్వు నిశ్చింతగా ఉండటమే నాకు నచ్చలేదు. ఫార్మసిస్టుగా నా ఉద్యోగమంతా ఆ గోళీలు చేతికిస్తూనే గడిచింది. అవి ఏం చేస్తాయో, ఏం చేయలేవో నీకు విడమరిచి చెప్పాలి.

పొట్టలో ఊరేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. బేతంచెర్ల నాపరాయి మీద ఆసిడ్ చుక్క పడితే బుసబుసా పొంగుతుంది చూడు, ఆ జాతిదే. పొట్ట గోడకు దాన్ని తట్టుకునే దట్టమైన జిగురు పొర ఉంది. గొంతు నుంచి పొట్ట దాకా పాతిక సెంటీమీటర్ల పొడవుండే అన్నవాహికకు అంత కాపుదల లేదు. ఈ రెంటి నడుమ ఉన్న కండరం ముద్ద దిగేటప్పుడు తెరుచుకుని, వెంటనే బిగుసుకోవాలి. అది వదులైతే ఆసిడ్ పైకెగిసి మంట పుడుతుంది. ఇంతవరకు అందరికీ తెలిసిందే.

తెలియనిది పిత్తరసం సంగతి. వాంతిలో పచ్చగా వస్తే మనవాళ్లు పసరు కక్కాడంటారే, అది. కాలేయంలో తయారై, పిత్తాశయంలో నిలవుండి, కొవ్వు అరగడానికి చిన్నపేగు మొదట్లోకి దిగుతుంది. అక్కడి నుంచి అది వెనక్కి పొట్టలోకి వచ్చి, ఆసిడ్‌తో కలిసి అన్నవాహికలోకి ఎక్కిందంటే నష్టం పెద్దది. ఆసిడ్ ఉన్నచోట కొన్ని పిత్త ఆమ్లాలు విద్యుదావేశం లేని రూపంలో ఉంటాయి. ఆ రూపంలో కణం గోడను తేలిగ్గా దాటిపోతాయి. లోపలికి పోయాక ఆవేశం పొంది మళ్లీ బయటికి రాలేక అక్కడే పేరుకుని, కణాన్ని, దాని డీఎన్ఏని దెబ్బతీస్తాయి. 1996లో అమెరికాలో వాజీ, రిక్టర్ అనే వైద్యులు ప్రచురించిన పరిశీలనలో, అన్నవాహిక జబ్బు ముదిరేకొద్దీ లోపలికి ఎక్కే ఆసిడ్, పిత్తం రెండూ పెరుగుతూ కనిపించాయి. అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది బారెట్ జబ్బు ఉన్నవాళ్లలో.

1950లో దీన్ని వర్ణించిన బ్రిటన్ సర్జన్ నార్మన్ బారెట్ పేరే ఈ జబ్బుకు నిలిచింది. ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న అన్నవాహిక లోపలి పొర, తన తీరు మార్చుకుని పేగు పొరలా తయారవుతుంది. కొందరికి అదే క్యాన్సర్‌కు దారి. కంగారుపడకు, అలా మారినవాళ్లలో ఏడాదికి నూటికి ఒక్కరికి కూడా క్యాన్సర్ రాదు. ఇంకో మాట, మన దేశంలో అన్నవాహిక క్యాన్సర్లలో ఎక్కువ భాగం వేరే రకం, పొగాకుతో, మద్యంతో ముడిపడినది. గుట్కా అలవాటు నీకుందని విన్నాను. ఈ ఉత్తరం చదివిన పూటే దాన్ని వదిలెయ్.

ఇక గోళీ సంగతి. పాంటోప్రజోల్ లాంటివి ఆసిడ్ ఊరడాన్ని బాగా తగ్గిస్తాయి. పొట్టలో ద్రవం తగ్గుతుంది కాబట్టి పైకెగిసేదీ కొంత తగ్గుతుంది. కానీ వదులైన కండరాన్ని అవి బిగించలేవు, పిత్తాన్ని పూర్తిగా ఆపలేవు. మంట చల్లారినా లోపల పుండు మానిందో లేదో మంట చెప్పదు. అలాగని నా మాట విని గోళీ మానేయకు. అది మంచి మందు, డాక్టరు చెప్పిన మోతాదులో, పొద్దున టిఫినుకు అరగంట ముందు వేసుకోవాలి. నువ్వు రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటున్నావని అక్క అంది. అలా అయితే దాని పనితనం సగం వృథా.

నీ పని గురించి కూడా ఆలోచించాను. శిల్పం మీద వంగి కూర్చునే చేతిపని నీది. మధ్యాహ్నం సంకటి నిండా తిని, వెంటనే వంగి ఉలి పట్టుకుంటే పొట్ట నొక్కుకుని లోపలున్నది పైకి ఎగదన్నుతుంది. తిన్నాక గంటసేపు నిలబడి చేసే పని పెట్టుకో. రాత్రి భోజనానికీ పడకకీ మూడు గంటల ఎడం ఉండాలి. తలగడలు పేర్చుకోవడం కాదు, మంచం తలవైపు కోళ్ల కింద అరడుగు ఎత్తు ఇటుకలు పెట్టు. ఎడమవైపు తిరిగి పడుకో. ఉగ్గాని బజ్జీ నీకు ఎంత ప్రాణమో నాకు తెలుసు. పూర్తిగా మానమనను, రాత్రిపూట మాత్రం వద్దు. నడుము దగ్గర పెరిగిన ఒళ్లు తగ్గితే వీటన్నిటికంటే ఎక్కువ మేలు.

ముద్ద గొంతులో అడ్డుపడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, వాంతిలో రక్తం కనిపించినా, విరేచనం తారులా నల్లగా అయినా ఒక్కరోజు కూడా ఆగొద్దు. ఛాతీలో నొప్పికి చెమటలు తోడైతే, నొప్పి ఎడమ చేతికి పాకితే, గ్యాస్ అనుకోకుండా గుండె డాక్టరు దగ్గరికి పరుగెత్తు.

చేదు తగిలినంత మాత్రాన పిత్తమే అని నేను తేల్చలేను, నువ్వూ తేల్చలేవు. ఎండోస్కోపీలో చూడాలి, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షించాలి. చూసి రావడానికి పట్టేది కొద్ది నిమిషాలే. దేశంలో ఎండోస్కోపీకి పేరు తెచ్చిన డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డి గారు, 2025లో పద్మవిభూషణ్ అందుకున్నాయన, ఎంబీబీఎస్ చదివింది మన కర్నూలు మెడికల్ కాలేజీలోనే. ఇక్కడ నంద్యాలలో చూపిద్దాం, కావాలంటే కర్నూలు పెద్దాసుపత్రికి పోదాం.

సోమవారం పొద్దున్నే ఏమీ తినకుండా, తాగకుండా బస్సెక్కు. ఇప్పటిదాకా వాడిన గోళీల పట్టీలన్నీ సంచిలో వేసుకురా, డాక్టరుకు చూపించాలి. నేను బస్టాండులో ఉంటాను.

నీ మేనమామ