తప్పు 38ది, శిక్ష 37కి

మిడ్స్‌కి వారం ముందు ఎడమవైపు కింది దవడలో నొప్పి మొదలైంది. ఫోన్లో చెప్తే అమ్మ లవంగం పెట్టుకోమంది. పక్కనుంచి నాయనమ్మ "జ్ఞానదంతమేమో, ఇప్పటికైనా బుద్ధి వస్తుందిలే" అని నవ్వింది. నేనూ అదే అనుకున్నా. తీరా ఎక్స్‌రేలో చూస్తే పుచ్చింది జ్ఞానదంతం కాదు, దాని ముందున్న మంచి పన్ను.

డెంటిస్టులు పళ్లకి రెండంకెల నంబర్లు ఇస్తారు. మొదటి అంకె నోట్లో ఏ భాగమో, రెండోది మధ్యనుంచి ఎన్నో పన్నో చెప్తుంది. మన టూ-డీ అర్రే లాంటిదే, కాకపోతే ఇండెక్స్ 1 నుంచి. కింది ఎడమ జ్ఞానదంతం 38, దాని ముందుది 37. 37 మనకి పన్నెండు, పదమూడేళ్లకే వచ్చేస్తుంది. 38 మామూలుగా 17-25 ఏళ్ల మధ్య బయల్దేరుతుంది. అప్పటికి దవడలో చోటు లేకపోతే ఎముకలోనో చిగురు కిందో ఇరుక్కుపోతుంది. కింది దవడలో ఎక్కువగా కనిపించేది ముందుకి వాలిన రకం. నాదీ అదే. బస్సులో నిద్రపోయి పక్కవాడి భుజమ్మీద తల వాల్చినట్టు, నా 38 వెళ్లి 37 మెడ మీద వాలింది.

అసలు గొడవ ఆ వాలిన చోటే. రెండిటి మధ్య సన్నటి సందు ఏర్పడుతుంది. అందులో చిప్స్ ముక్క దూరితే బ్రష్ అందదు. బాక్టీరియా ఆ పిండిపదార్థాన్నీ చక్కెరనీ ఆమ్లంగా మారుస్తుంది. పంటికి కవచంలాంటి ఎనామెల్ మెడ దగ్గరికొచ్చేసరికి పలచబడి ఆగిపోతుంది, అందుకే అక్కడ పుచ్చు తేలిగ్గా లోపలికి పాకుతుంది. అద్దంలో కనపడదు. నొప్పి తెలిసేసరికి నరం దాకా వెళ్లి ఉండొచ్చు. ఇంకా ఆ సందులో చిగురు వాచి 37 వెనక ఎముక తగ్గిపోవచ్చు. కొందరిలో 37 వేరు కూడా కరుగుతుంది.

ముందు పళ్లు వంకరవడానికి జ్ఞానదంతం తోయడమే కారణమని మా హాస్టల్లో గట్టి నమ్మకం. దానికి సరైన ఆధారం లేదు.

మరి ఇరుక్కున్న ప్రతిదాన్నీ పీకించేయాలా? బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2000లో, జబ్బులేని జ్ఞానదంతాన్ని ముందుజాగ్రత్త పేరుతో తీయొద్దంది. ఆపరేషన్‌లో కింది దవడ నరం దెబ్బతింటే పెదవి, గడ్డం మొద్దుబారొచ్చు కాబట్టి ఆ మాటా నిజమే. కానీ తీయకుండా ఉంచుకుంటే అప్పుడప్పుడూ ఎక్స్‌రేతో దాని ముందు పన్నునీ చూస్తుండాలి. నేను చూసుకోలేదు. ఏడాదిగా అక్కడ తిండి ఇరుక్కుంటున్నా టూత్‌పిక్‌తో సరిపెట్టా.

38 తీసేశారు. 37కి రూట్ కెనాల్ అయింది, క్యాప్ ఇంకా వేయాలి. కుడివైపు 48 కూడా వాలే ఉంది. దాని ముందు 47కి మాత్రం ఇంకా ఏం కాలేదు. ఏం చేయాలో సెమ్ సెలవుల్లో తేల్చుకోవాలి.