పాస్కలు సూత్రమును, పాతకారు బ్రేకు గొట్టములును

ద్రవమునం దొకచోట కలిగించిన ఒత్తిడి అన్ని దిక్కులకును సమముగా వ్యాపించునని 17వ శతాబ్దమున ఫ్రెంచి పండితుడగు పాస్కలు నిరూపించెను. దీనిని మనము పరీక్షలకై వల్లించుచుందుము. పాతకారు క్రింద దూరి చూచితిమేని, ఆ సూత్రమే సన్నని ఉక్కుగొట్టములలో పనిచేయుచుండుట కానవచ్చును.

చౌమహల్లా ప్రాసాదమున నున్న నిజాముగారి 1912 నాటి పసుపుపచ్చ రోల్సురాయిసునకు ద్రవపు బ్రేకులు లేవు. నాలుగు చక్రములకును ద్రవపు బ్రేకులుగల కారు 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గు పేర వెలువడెను. 2014లో తయారీ నిలిచిపోయిన మన అంబాసిడరును ఈ జాతిలోనిదే.

ఒక లెక్క చూతము. పెడలు త్రొక్కగా పిస్టనుపై 300 పౌనుల బలము పడెననుకొందము. పిస్టను వైశాల్యము ముప్పాతిక చదరపు అంగుళమైనచో, ఒత్తిడి చదరపు అంగుళమునకు 400 పౌనులు. టైరులోని గాలి ఒత్తిడి ముప్పది పౌనులకు అటునిటు మాత్రమే గదా! పాత అంబాసిడరులో నాలుగు చక్రములకును ద్రవమార్గ మొక్కటియే. తుప్పుచే ఎక్కడనైన సూదిబెజ్జమంత రంధ్రము పడినచో నాలుగు బ్రేకులును ఒక్కసారిగా పోవును. పత్తర్‌గట్టీ జనసమ్మర్దములో అట్లు జరిగిన నేమగునో చదువరులే యూహింతురుగాక. 2020 అక్టోబరు వానలకు పాతబస్తీలో నీట మునిగిన బండ్లుగలవారు ఈ గొట్టములను తప్పక పరీక్షింపవలెను.

మార్చుట యింటివద్దనే సాధ్యము. బండిని జాకీతో లేపి, గట్టి స్టాండులపై నిలిపినపిదపనే క్రిందికి దూరవలెను; జాకీ నొక్కదానిని నమ్మరాదు. తుప్పుపట్టిన నట్లపై ముందురోజే నూనె వేసి నాననిచ్చి, సరియైన పానాతో విప్పవలెను. పాతగొట్టము వెంబడి దారము పరచి కొలుచుట మేలు. వంపులన్నియు అందులో వచ్చును. క్రొత్తగొట్టము ఉక్కుదిగాని, రాగి-నికెలు మిశ్రమలోహముదిగాని కావలెను. ఉత్త రాగి అదురుటచే పగులును. రబ్బరుతొడుగుతో అతుకువేయుట బొత్తిగా కూడదు. అంచును పాతదాని తీరుననే మలచవలెను. అంతకుముందే నట్టును తొడుగుట మరువరాదు. ఇది మరచి గొట్టము పాడుచేయువారే యెక్కువ!

ఆపై క్రొత్త బ్రేకు ఆయిలు పోసి, మాస్టరుసిలిండరునకు మిక్కిలి దూరపు చక్రముతో మొదలిడి గాలి తీయవలెను. గాలి నొక్కుడుపడును, ద్రవము పడదు. బుడగ మిగిలిన పెడలు మెత్తగా దిగిపోవును. ఈ ఆయిలు గాలిలోని తేమను పీల్చును. డాట్-3 రకము క్రొత్తదైన 205 డిగ్రీల సెంటిగ్రేడుకు ముందు మరుగదు. తేమ చేరినది 140 డిగ్రీలకే మరుగవచ్చును. మరిగిన నావిరి పుట్టును, ఆవిరియు గాలివలెనే నొక్కుడుపడును. కావున తెరచి చాలనాళ్లుంచిన డబ్బాను వాడరాదని మా మతము. రంగుపై పడిన చుక్కను వెంటనే నీటితో కడుగవలెను.

చివరకు ఒకరు పెడలును ఒక నిమిషము గట్టిగా త్రొక్కిపట్టగా, మరియొకరు ప్రతి అతుకును పొడికాగితముతో తుడిచి తడి చూడవలెను. చేతిబ్రేకు వేరుగా తీగతో పనిచేయునది గనుక దానిపై చేయియుంచి, అంగళ్లు తెరువకముందే, తెల్లవారుజామున నిర్జనమగు వీధిలో తొలిసారి మెల్లగా నడుపవలెను.