లేనిదాన్ని తలచుకుంటూ ఉన్నదాన్ని మరువకండి

ధ్యానానికి: 1 థెస్సలొనీకయులకు 5:18; 2 కొరింథీయులకు 12:7-9



రోగి మంచం పక్కన కూర్చున్నవారికి లోపాలే ముందు కనబడతాయి. పక్షవాతం వచ్చిన నాయనకు కుడిచెయ్యి లేవదు. మాట తడబడుతుంది. ఇంటి దగ్గర చేను, గొడ్లు, పిల్లల చదువు గుర్తొస్తాయి. ఆ సమయంలో ఎవరైనా "దేవునికి స్తోత్రం చెప్పండి" అంటే మనసు నొచ్చుకుంటుంది కూడా.

అయితే పౌలు కష్టం వచ్చినందుకు సంతోషించమనలేదు. కష్టంలో ఉన్నప్పుడు కూడా కృతజ్ఞత విడువవద్దన్నాడు. ఆయన శరీరంలోనూ ఒక ముల్లు ఉండేది. తీసివేయమని మూడుసార్లు ప్రభువును వేడుకున్నాడు. ముల్లు పోలేదు, భరించడానికి చాలినంత కృప దొరికింది. కాబట్టి ఏడవడం, అడగడం అవిశ్వాసం కాదు.

మన కడప జిల్లా నుండి ఎందరో వైద్యానికి వెళ్లే రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ మేరీ వర్గీస్ పనిచేశారు. 1954లో కారు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని ఆమె కాళ్లు పడిపోయాయి. అవి తిరిగి రాలేదు. కానీ చేతులు మిగిలాయి. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల వంకరపోయిన చేతులకు ఆపరేషన్లు చేశారు. తరువాత అవయవాలు పనిచేయనివారికి తిరిగి బ్రతుకు నేర్పే విభాగాన్ని నడిపించారు. 1972లో ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. పోయిన కాళ్లనే చూస్తూ ఉంటే, మిగిలిన చేతుల విలువ ఎవరికి తెలిసేది?

మీరు ఇలా చేయండి:

1. రాత్రి పడుకునేముందు ఆ రోజు జరిగిన మూడు మేళ్లు రోగితో కలిసి చెప్పుకోండి. "ఈరోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు" అన్నది చిన్న మేలు కాదు.

2. కృతజ్ఞత మందుకు బదులు కాదు. బాగుందని బి.పి. మాత్రలు మానకండి. కదలలేని రోగిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పండి. లేకపోతే ఒత్తిడి పుండ్లు పడతాయి.

3. చూసుకునేవారు వంతులు వేసుకుని నిద్రపోండి. సహాయం చేసిన ఆడపడుచుకు, పొరుగువారికి నోరు తెరిచి కృతజ్ఞత చెప్పండి.

4. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, నిద్ర పట్టకపోతే డాక్టరుగారికి చెప్పండి. 14416కు ఉచితంగా ఫోన్ చేసి కూడా మాట్లాడవచ్చు. ఇది సిగ్గుపడే సంగతి కాదు.

కమలాపురం వైపు రైతుకు ఈ పాఠం కొత్త కాదు. వాన తప్పిన ఏడు చేనంతా పండదు. అయినా కాసిన చెనిక్కాయలను వదిలిపెట్టడు. ఒక్కొక్క చెట్టు పీకి, కాయలు దులిపి, విత్తనానికి దాచుకుంటాడు. వచ్చే ఏటి పంట ఆ గుప్పెడు విత్తనాల్లోనే ఉంది.

ప్రార్థన: ప్రభువా, మేము పోగొట్టుకున్నది నీకు తెలుసు. మిగిల్చినదాన్ని చూసే కన్నులు మాకు దయచేయుము. ఆమేన్.